ఇరువురి మధ్య నిలబడినవాడు

మన కర్నూలు, కడప ప్రాంతాల సంఘాల నుంచి యెరూషలేము యాత్రకు వెళ్లొచ్చేవారు ఇప్పుడు అరుదేమీ కాదు. 2008లో రాష్ట్ర ప్రభుత్వం ఈ యాత్రకు ఆర్థిక సాయం మొదలుపెట్టాక మామూలు కుటుంబాలకు కూడా ఆ దారి దగ్గరైంది. ఒలీవల కొండ, గెత్సేమనే తోట, ప్రభువు సిలువ మోసిన వీధి, ఖాళీ సమాధి చూసి, యొర్దాను నీళ్లు సీసాలో పట్టుకొని, ఒలీవ చెక్క సిలువ ఒకటి కొనుక్కొని ఇల్లు చేరతారు. అదే నగరంలో కాటమోన్ అనే పేట ఒకటి ఉంది. యాత్రికుల బస్సు సాధారణంగా అక్కడ ఆగదు. 1948 సెప్టెంబరు 17న ఆ పేట వీధిలోనే, ఆ నగరానికి సమాధానం తేవాలని వెళ్లిన ఒక క్రైస్తవుడు తూటాలకు బలయ్యాడు. ఆయన కౌంట్ ఫోల్కె బెర్నడోట్.

1895 జనవరి 2న స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో పుట్టిన ఫోల్కె ఆనాటి రాజు రెండవ ఆస్కార్‌కు మనవడు. అయినా సింహాసనపు వరుసలో ఆయనకు చోటు లేదు. రాజకుమారుడైన ఆయన తండ్రి, రాజవంశానికి చెందని ఎబ్బా మూంక్‌ను పెళ్లి చేసుకోవడానికి 1888లో సింహాసనం మీద తన హక్కునే వదులుకున్నాడు. ఆ తరువాత ఆ దంపతులు సువార్త పనికి, బీదల సేవకు తమను అప్పగించుకున్నారు. స్వీడన్ వై.ఎం.సి.ఎ.కు తండ్రే నాయకుడు. కిరీటం కన్నా విలువైనవి ఉన్నాయని ఆ ఇంట్లో పిల్లలకు వేరే పాఠం చెప్పనక్కర్లేకపోయింది. తల్లిదండ్రుల పెళ్లే ఆ పాఠం.

ఫోల్కె పెరిగి ఆశ్వికదళంలో అధికారి అయ్యాడు. 1928లో అమెరికా అమ్మాయి ఎస్టెల్ మాన్‌విల్‌ను పెళ్లాడాడు. నలుగురు కొడుకులు పుడితే ఇద్దరు పసితనంలోనే పోయారు. 1937లో స్వీడన్ స్కౌట్లకు సారథ్యం వహించాడు, రెండవ ప్రపంచ యుద్ధకాలంలో స్వీడన్ రెడ్‌క్రాస్‌కు ఉపాధ్యక్షుడిగా పనిచేశాడు. 1945 వసంతకాలంలో జర్మనీ కూలిపోతుండగా, లక్షలమంది చావుకు కారకుడైన నాజీ నాయకుడు హిమ్లర్ ఎదుట కూర్చుని ఖైదీల విడుదల కోసం బేరమాడాడు. అలాంటివాడితో మాటలేమిటని ముఖం తిప్పుకొని ఉంటే ఎవరూ ఆయనను తప్పుపట్టేవారు కాదు. కానీ ఖైదీలు మిగిలేవారు కాదు. తెల్లరంగు పూసి ఎర్ర సిలువ గుర్తు వేసిన బస్సులు మరణ శిబిరాల వాకిళ్లకు వెళ్లాయి. మొదట స్కాండినేవియా దేశాల ఖైదీల కోసం మొదలైన ఆ పని ఇతర దేశాలవారికీ విస్తరించి, 15 వేలమందికి పైగా బతికి బయటపడ్డారు. వారిలో థెరీసియెన్‌స్టాట్ శిబిరంలోని 400 మందికి పైగా డెన్మార్క్ యూదులు, రావెన్స్‌బ్రూక్ శిబిరంలోని వేలాదిమంది స్త్రీలు ఉన్నారు.

మూడేళ్ల తరువాత ఆయనకు అంతకన్నా కష్టమైన పిలుపు వచ్చింది. పాలస్తీనా బ్రిటన్ ఏలుబడిలో ఉన్న కాలంలో యూదులకు, అరబ్బులకు మధ్య వైరం ముదిరిపోయింది. రెండువేల ఏళ్లుగా చెదిరిపోయి, హిట్లర్ చేతుల్లో అరవై లక్షలమందిని పోగొట్టుకున్న యూదులకు అది పితరుల దేశం, తల దాచుకోవడానికి మిగిలిన ఒకే చోటు. తరతరాలుగా అక్కడే దున్ని, విత్తి, పూర్వీకులను ఆ నేలలోనే పాతిపెట్టిన అరబ్బులకు, అంటే ముస్లింలకు, క్రైస్తవులకు, అది సొంత ఇల్లు. ఇద్దరి మాటలోనూ నిజముంది. 1947లో ఐక్యరాజ్యసమితి వేసిన కమిటీలో మన దేశం కూడా ఉంది. యెరూషలేము రాజధానిగా ఇద్దరూ కలిసి ఉండే ఒకే సమాఖ్య రాజ్యం కావాలని భారత్, ఇరాన్, యుగోస్లావియా చెప్పాయి. ఆ మాట నెగ్గలేదు. దేశాన్ని రెండుగా పంచాలని, యెరూషలేము మాత్రం ఏ పక్షానికీ చెందకుండా అంతర్జాతీయ పాలనలో ఉండాలని 1947 నవంబరు 29న సమితి తీర్మానించింది. కాగితం మీది ఆ గీత నేలమీదికి రాకముందే యుద్ధం వచ్చింది.

ఒక నగరం కోసం ఇంత పంతమా అనిపించవచ్చు. 1953 అక్టోబరు 1 నుంచి మూడేళ్లు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉండి, 1956లో ఆ హోదా పోగొట్టుకున్న కర్నూలువాసులకు ఆ బాధ ఎంతకాలం నిలిచేదో వేరే చెప్పనక్కర్లేదు. ఒక హోదా పోతేనే అంత వెలితి ఉంటే, దేవుని ఆలయం నిలిచిన చోటు, ప్రభువు సిలువ నాటిన చోటు, ముస్లింలు పవిత్రంగా ఎంచే మసీదు ఉన్న చోటు ఒకే ప్రాకారంలో ఇమిడిన నగరం మాటేమిటి?

1948 మే 14న బ్రిటిష్ పాలన ముగిసింది, ఇశ్రాయేలు రాజ్యం ప్రకటన వెలువడింది, పొరుగు అరబ్బు సైన్యాలు కదిలాయి. మే 20న బెర్నడోట్ మధ్యవర్తిగా నియమితుడయ్యాడు. ఐక్యరాజ్యసమితి చరిత్రలో ఆయనే మొట్టమొదటి మధ్యవర్తి. మూడు వారాల్లోనే, జూన్ 11న, నాలుగు వారాల కాల్పుల విరమణ సాధించాడు. అయితే ఆయన పొరపాట్లు లేనివాడు కాదు. ఆ దేశం ఆయనకు కొత్త. జూన్ చివర ఇచ్చిన తొలి ప్రతిపాదనలో యెరూషలేమును అరబ్బుల భాగంలో ఉంచి యూదులకు స్థానిక స్వయంపాలన ఇవ్వాలన్నాడు. యూదులు భగ్గుమన్నారు. యూదుల రాజ్యాన్ని గుర్తించే ఏ పథకమూ వద్దని అరబ్బులూ తోసిపుచ్చారు. జూలైలో మళ్లీ తుపాకులు మోగాయి, మళ్లీ పరుగెత్తి జూలై 18న రెండో విరమణ తెచ్చాడు.

ఆయన గొప్పతనం ఇక్కడే ఉందని మేము తలుస్తాము. తన మొదటి మాట సరైనది కాదని గ్రహించి దాన్ని మార్చుకున్నాడు. సెప్టెంబరు 16న సంతకం చేసిన నివేదికలో యెరూషలేమును సమితి ఆధీనంలో ఉంచి, అరబ్బులకు, యూదులకు చెరో స్వయంపాలన ఇచ్చి, పవిత్ర స్థలాల దారులు అందరికీ తెరిచి ఉంచాలని కోరాడు. యూదుల రాజ్యం ఇక కాదనలేని వాస్తవమని అరబ్బులకు చెప్పాడు. ఇళ్లు విడిచి పారిపోయిన అరబ్బులకు తిరిగివచ్చే హక్కు ఉందని, రాలేనివారికి పరిహారం దక్కాలని యూదులకు చెప్పాడు. ఎవరికి ఏది చేదో వారికి అదే చెప్పాడు.

మరునాడు ఆయన కార్లు కాటమోన్ మీదుగా వెళ్తుండగా ఒక జీపు దారికి అడ్డంగా నిలిచింది. సైనిక దుస్తుల్లాంటివి వేసుకున్నవారు దిగి కారు కిటికీలోంచి కాల్చారు. ఆయనా, పక్కన కూర్చున్న ఫ్రెంచి కల్నల్ ఆంద్రే సెరో మరణించారు. ఆయనకు 53 ఏళ్లు. చంపింది లేహి అనే యూదు తీవ్రవాద ముఠా. ఇశ్రాయేలు ప్రభుత్వం ఆ ముఠాను నిషేధించి ఎందరినో నిర్బంధించింది కానీ ఆ హత్యకు ఎవరికీ శిక్ష పడలేదు. 1995లో ఇశ్రాయేలు విదేశాంగ మంత్రి షిమోన్ పెరెస్ ఆ హత్యకు విచారం తెలిపాడు. ఇంకొక సంగతి కూడా మన సంఘాలు ఎరగాలి. కాటమోన్ ఇళ్లలో అంతకుముందు ఉన్నవారిలో ఎక్కువమంది అరబ్బు క్రైస్తవులు. ఆ ఏడాదే ప్రాణభయంతో వారు వెళ్లిపోయారు. పాత నగరంలోని యూదుల పేట కూడా ఆ మే నెలలోనే అరబ్బు సైన్యం చేతిలో పడి ఖాళీ అయింది. కన్నీళ్లకు రెండువైపులా కొరత లేదు.

ఆయన పని ఆయనతో పోలేదు. సహాయకుడు రాల్ఫ్ బంచ్ ఆ బాధ్యత చేపట్టి 1949లో యుద్ధ విరమణ ఒప్పందాలు కుదిర్చాడు, 1950లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నాడు. 1948 డిసెంబరు 11న సమితి చేసిన 194వ తీర్మానంలో బెర్నడోట్ మాటలు చాలావరకు చోటుచేసుకున్నాయి. అమలు మాత్రం కాలేదు. 1967 దాకా నగరం ముళ్లకంచెతో రెండుగా చీలి ఉంది. ఒక దేశపు క్రైస్తవులు క్రిస్మస్‌కు బేత్లెహేము చేరాలంటే మాండెల్‌బామ్ గేటు దగ్గర అనుమతి చూపి దాటవలసి వచ్చేది. 1967 యుద్ధంలో తూర్పు భాగం కూడా ఇశ్రాయేలు వశమైంది. కంచె పోయింది, వివాదం పోలేదు. అవిభక్త యెరూషలేము తమ రాజధాని అని ఇశ్రాయేలు 1980లో చట్టం చేసింది. తూర్పు యెరూషలేము తమ రాజధాని కావాలని పాలస్తీనీయులు కోరుతున్నారు.

మధ్యవర్తి కష్టం రాయలసీమకు కొత్త కాదు. రెండు వర్గాలు కత్తులు నూరుకున్న ఊళ్లో రాజీకి బయలుదేరిన పెద్దమనిషి ఇటువాళ్లకు అటు మనిషి, అటువాళ్లకు ఇటు మనిషి. ఒక పక్షం చేరితే ఆ పక్షమైనా కాపు కాస్తుంది; మధ్యలో నిలిచినవాడికి వెనుక ఎవరూ ఉండరు. అయినా అలాంటివాడు ఒకడు లేకపోతే ఆ ఊళ్లో విధవల సంఖ్య పెరుగుతూనే ఉంటుంది. మన రక్షకుణ్ణి అపొస్తలుడైన పౌలు మధ్యవర్తి అని పిలవడం ఊరకనే కాదు (1 తిమోతి 2:5). యూదులకు, అన్యులకు నడుమ ఉన్న అడ్డుగోడను ఆయన పడగొట్టింది ఆయుధంతో కాదు, తన శరీరంతో (ఎఫెసీ 2:14-16).

యెరూషలేము క్షేమం కోసం ప్రార్థించమని కీర్తనకారుడు నేర్పాడు (కీర్తన 122). మన సంఘాల్లో ఆ ప్రార్థన అప్పుడప్పుడు ఒక పక్షం గెలవాలనే ప్రార్థనగా మారిపోతోంది. యూదుల పట్ల దేవుని వాగ్దానాలను మేము తేలిక చేయడం లేదు. కానీ ఆ నగరాన్ని చూసి ప్రభువు ఏడ్చింది అందులో సగాన్ని చూసి కాదు (లూకా 19:41). అక్కడ బాంబుల భయంతో బిడ్డను హత్తుకున్న యూదు తల్లి ఉంది, కూలిన ఇంటి ముందు కూర్చున్న అరబ్బు తల్లి ఉంది, ఆ అరబ్బుల్లో మనలాగే ఆదివారం ప్రభువు బల్లలో పాలుపొందే క్రైస్తవులూ ఉన్నారు. ఈ ముగ్గురిలో ఏ ఒక్కరినీ విడిచిపెట్టని ప్రార్థనే యెరూషలేము కోసం చేసే ప్రార్థన. అది నేర్చుకున్న సంఘానికి తన ఊళ్లో మాటలు లేని రెండిళ్ల మధ్యకు నడిచి వెళ్లే ధైర్యం కూడా వస్తుంది. ఆ నడక ఖరీదైనదే. కొండమీద ప్రభువు ధన్యులని పిలిచినవారిలో సమాధానపరిచేవారు ఉన్నారు, హింస పొందేవారు వారి వెనుకనే ఉన్నారు.