గ్రంథాలయమే గురుకులమైన త్సియోల్కోవ్‌స్కీ

చంద్రుడు భూమికి ఎల్లప్పుడును ఒక ముఖమునే చూపుచుండును. ఆవలి ముఖము మానవునకు తొలిసారి కానవచ్చినది 1959 అక్టోబరు 7న, సోవియట్ నౌక లూనా-3 తీసిన ఛాయాచిత్రములందు. అందు నల్లని అడుగును, నడుమ తెల్లని శిఖరమును గల మహాబిలమొకటి గోచరించెను. పూర్వమెన్నడో ఒక పెనుశిల ఆకాశమునుండి వచ్చి తాకుటచే ఏర్పడిన ఆ బిలము వెడల్పు సుమారు 180 కిలోమీటర్లు. అడుగున లావా నిండి గట్టిపడుటచే అది నల్లనయ్యెను. సోవియట్ శాస్త్రజ్ఞులు దానికి త్సియోల్కోవ్‌స్కీ యని పేరిడిరి. ఆ పేరు గలవాడు చెవులు వినరాని ఒక బడిపంతులు.

కాన్‌స్టాంటిన్ త్సియోల్కోవ్‌స్కీ 1857 సెప్టెంబరు 17న రష్యాలోని ఇజెవ్‌స్కొయె గ్రామమున జన్మించెను. తండ్రి అటవీశాఖోద్యోగి. బాలునకు పదియేండ్లు నిండకమునుపే స్కార్లెట్ జ్వరము సోకి వినికిడి చాలవరకు పోయెను. పదుమూడవ యేట తల్లి గతించెను. గురువు మాట వినరాని బాలునకు బడిచదువు సాగలేదు.

పదునారవ యేట తండ్రి అతనిని మాస్కోకు పంపెను. అతడు ఏ కళాశాలలోను చేరలేదు. చెర్త్‌కోవ్ గ్రంథాలయమే అతని కళాశాల. అచట గ్రంథపాలకుడైన ఫ్యోదొరొవ్ ఆ బీద బాలుని ఆదరించి వలసిన పుస్తకములు అందించెను. ఇంటినుండి వచ్చు స్వల్ప ద్రవ్యమును పుస్తకములకును ప్రయోగములకును వెచ్చించి, బాలుడు నల్లరొట్టెతో కడుపు నింపుకొనెను. మూడేండ్లలో గణితమును, భౌతికశాస్త్రమును, ఖగోళశాస్త్రమును స్వయముగా అభ్యసించెను.

1879లో ఉపాధ్యాయ పరీక్షలో కృతార్థుడై, 1880 నుండి బొరొవ్‌స్క్ పట్టణమునను, 1892 నుండి కలూగ పట్టణమునను బోధకుడై జీవించెను. బడి విడిచిన పిదప రాత్రులు లెక్కలతో గడచెను. గాలిలేని చోట రెక్కలు పనిచేయవు. మండు వాయువులను వెనుకకు చిమ్మినచో ఆ తోపుడుచే రాకెట్టు ముందునకు సాగును. ఎంత ఇంధనమునకు ఎంత వేగము లభించునో గణించి 1903లో ప్రకటించెను. ఆ సూత్రము నేటికిని అతని పేరనే వ్యవహరింపబడుచున్నది. ద్రవరూపమున నున్న ఉదజనిని, ఆమ్లజనిని వాడవచ్చుననియు, పిదప 1929లో, అంచెలంచెలుగా మండు రాకెట్లు కావలెననియు తెలిపెను.

చిరకాలము ఆ వ్రాతలను పట్టించుకొన్నవారు స్వల్పులు. 1902లో పుత్రశోకము కలిగెను. 1908లో ఓకానది వరద ఇంటిలో చొచ్చి వ్రాతలను పాడుచేసెను. అయినను అతడు కలము విడువలేదు. 1921లో ప్రభుత్వము జీవితాంతము భృతి నొసగెను. 1935 సెప్టెంబరు 19న కలూగలో తనువు చాలించెను. అంతరిక్షమును చేరిన రాకెట్టు నొక్కదానినైన అతడు కన్నులార చూడలేదు. 1957 అక్టోబరు 4న స్పుత్నిక్ భూమిని చుట్టుటతో అతని లెక్క నిజమయ్యెను.

ఫ్యోదొరొవ్ ఆనాడు అందించినవి పుస్తకములు మాత్రమే. ఆ బాలుని పేరు చంద్రమండలమునకెక్కెను. గ్రామ గ్రంథాలయమున పుస్తకము కోరి నిలిచిన పిల్లవానిని, వాడెంత బీదయైనను, రిక్తహస్తములతో పంపరాదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?