జిమ్ కార్బెట్ – అన్నిటికంటే కష్టమైన వేట

వేటాడటానికి అన్నిటికంటే కష్టమైన జంతువు ఏది? వందేళ్ళ కిందట ఆఫ్రికా అడవులకు వెళ్ళిన తెల్లదొరలను ఈ ప్రశ్న అడిగితే ఐదు పేర్లు చెప్పేవారు. సింహం, చిరుతపులి, ఏనుగు, ఖడ్గమృగం, ఆఫ్రికా అడవిదున్న. వీటిని 'బిగ్ ఫైవ్' అన్నారు. కాలినడకన వెంటాడితే ఎదురు తిరిగి మనిషినే చంపగలవు కాబట్టి వాటికి ఆ పేరు వచ్చింది. మన దేశంలో రాజులు, జమీందార్లు, వైస్రాయిలు పులిని ఆ స్థానంలో పెట్టారు. ఏనుగుల మీద కూర్చుని, వందలాది మంది కూలీలతో డప్పులు కొట్టించి, పులిని తుపాకీ ముందుకు తోలించుకుని కాల్చేవారు. చర్మాన్ని గోడకు తగిలించుకునేవారు. వాళ్ళకు వేట ఒక సరదా.

సరదా కోసం కాకుండా, ఊళ్ళకు ఊళ్ళు తలుపులు బిగించుకుని కూర్చున్నప్పుడు వేటకు వెళ్ళిన మనిషి ఒకరున్నారు. ఆయనే జిమ్ కార్బెట్. ఆయన పేరు మనలో చాలామంది జనరల్ నాలెడ్జ్ పుస్తకంలో ఒక నేషనల్ పార్కు పేరుగా బట్టీ పట్టి ఉంటాం. కానీ ఆ పేరు వెనక ఉన్న జీవితం ఒక్క మార్కు ప్రశ్నకు సరిపోయేది కాదు.

ఎడ్వర్డ్ జేమ్స్ కార్బెట్ 1875 జూలై 25న నైనిటాల్‌లో పుట్టారు. తండ్రి అక్కడ పోస్ట్‌మాస్టర్. పెద్ద కుటుంబం, చాలామంది పిల్లలు. జిమ్‌కు ఆరేళ్ళు నిండకముందే, 1881లో, తండ్రి చనిపోయారు. తెల్లవాళ్ళే అయినా కార్బెట్ కుటుంబం ఇంగ్లండు నుంచి వచ్చిన పెద్ద అధికారుల కోవలోది కాదు. ఈ దేశంలోనే పుట్టి పెరిగిన తెల్లవాళ్ళను ఆ అధికారులు తమకంటే తక్కువగానే చూసేవారు. చలికాలంలో ఈ కుటుంబం కొండ దిగి కాలాఢుంగీలోని ఇంటికి వచ్చేది. ఇంటి చుట్టూ అడవి. జిమ్‌కు అసలు బడి అదే. ఉండేలుతో మొదలుపెట్టి, ఒక గొట్టం చెడిపోయిన పాత మందుగుండు తుపాకీ దాకా వచ్చాడు. కున్వర్‌సింగ్ అనే గ్రామస్థుడు ఆయనకు అడవిలో ఎలా నడవాలో, చెట్టు ఎలా ఎక్కాలో నేర్పాడు. ఏ పక్షి కూత దేనికి సంకేతమో, తడి నేల మీద అడుగుజాడ ఎంతసేపటి కిందటిదో చూసి చెప్పగల విద్య ఆయనకు చిన్నప్పుడే పట్టుబడింది.

ఇంటి పరిస్థితి వల్ల పైచదువులకు వెళ్ళే అవకాశం లేకపోయింది. చిన్న వయసులోనే రైల్వేలో ఉద్యోగంలో చేరారు. ఆ తర్వాత బీహార్‌లో గంగ ఒడ్డున ఉన్న మొకామా ఘాట్‌లో సరుకు ఎగుమతి, దిగుమతి కాంట్రాక్టు దక్కింది. ఒక రైలులోంచి సరుకు దించి, నది దాటించి, మరో రైలులోకి ఎక్కించాలి. యంత్రాలు లేవు. అంతా మనుషుల నెత్తిమీదే. కార్బెట్ కూడా కూలీలతో కలిసి బొగ్గు మోశారు. దాదాపు ఇరవై ఏళ్ళు అక్కడే గడిపారు.

వేట కథల్లో పడి ఈ ఇరవై ఏళ్ళను చాలామంది వదిలేస్తారు. మన హాస్టల్ మిత్రులు మాత్రం వదలకూడదు. అక్కడ స్టేషన్ మాస్టర్ రామ్‌శరణ్‌తో కలిసి కార్బెట్ కూలీల పిల్లలకు బడి పెట్టారు. ఇరవై మంది పిల్లలతో మొదలైంది. వెంటనే కులం అడ్డొచ్చింది. అగ్రకులాల పిల్లలు, అంటరానివారనే పిల్లలు ఒకే ఇంట్లో కూర్చోకూడదన్నారు. అప్పుడు ఆ బడికి గోడలు తీసేశారు! నాలుగు గోడల మధ్య కలిసి కూర్చుంటే తప్పట గానీ, గోడల్లేని పాకలో కలిసి కూర్చుంటే తప్పు లేదట. ఆ పాక బడి తర్వాత రెండు వందల మంది విద్యార్థులకు పెరిగింది.

ఆ మొకామా ఘాట్‌లోనే చమారీ అనే బక్కపలచని మనిషి భార్యతో కలిసి పని అడుక్కుంటూ వచ్చాడు. అంటరానివాడు. బరువులు మోసే శక్తి లేనివాడు. కార్బెట్ అతన్ని బొగ్గు పనిలో పెట్టారు. కొంతకాలానికి అతనే ఒక ముఠాకు మేస్త్రీ అయ్యాడు. అతని కింద బ్రాహ్మణులు, ఠాకూర్లు కూడా పని చేశారు. ఆకలితో, జబ్బుతో వచ్చినవారికి అతని ఇల్లు ఆశ్రయం అయింది. అతను చనిపోయినప్పుడు అన్ని కులాలవారు, మతాలవారు వెంట నడిచారు. కార్బెట్ తన 'మై ఇండియా' పుస్తకంలో ఇలాంటి మనుషుల గురించే రాశారు. రాజుల గురించి, వైస్రాయిల గురించి కాదు.

ఇక వేట సంగతి. మొకామా ఘాట్‌లో పని చేస్తున్న రోజుల్లోనే, 1907లో, ఆయన మొదటి నరభక్షక పులి వేటకు వెళ్ళారు. అది చంపావత్ ఆడపులి. మొదట నేపాల్‌లో రెండు వందల మందిని, తర్వాత కుమావున్ కొండల్లో 236 మందిని, మొత్తం 436 మందిని చంపిందని లెక్క చెప్పేవారు. వెళ్ళేముందు కార్బెట్ ప్రభుత్వానికి రెండు షరతులు పెట్టారు. దాని తలకు ప్రకటించిన బహుమతిని రద్దు చెయ్యాలి. దానికోసం తిరుగుతున్న ఇతర వేటగాళ్ళను వెనక్కి పిలవాలి. డబ్బు కోసం వేటాడేవాడన్న పేరు ఆయనకు అక్కర్లేదు.

ఆయన పాలీ అనే ఊరు చేరేసరికి జనం ఐదు రోజులుగా ఇళ్ళలోంచి బయటికి రాలేదు. అక్కడ ఒక స్త్రీ కళ్ళముందే పులి ఆమె తోబుట్టువును ఎత్తుకుపోయింది. అప్పటినుంచి ఆమెకు మాట పడిపోయింది. చంపావత్ దగ్గర పులి ఆఖరుగా చంపింది కట్టెల కోసం వెళ్ళిన ఒక అమ్మాయిని. తహసీల్దారు సాయంతో మూడు వందల మంది దాకా గ్రామస్థులు కూడి, కేకలు వేస్తూ, డప్పులు కొడుతూ పులిని లోయలోంచి కదిలించారు. కార్బెట్ కాల్చారు. తిరుగు ప్రయాణంలో పులి చర్మాన్ని పాలీకి తీసుకెళ్ళి చూపిస్తే, ఆ స్త్రీ నోట మళ్ళీ మాట వచ్చింది. ఇంటివాళ్ళను, ఊరివాళ్ళను రమ్మని కేకలు పెట్టిందట.

చచ్చిన పులి నోరు తెరిచి చూశారు కార్బెట్. కుడివైపు పై కోరపన్ను సగానికి, కింది కోరపన్ను ఎముక దాకా విరిగిపోయి ఉన్నాయి. ఎప్పుడో ఎవరో కాల్చిన తుపాకీ దెబ్బ అది. ఆ దెబ్బతో అడవి జంతువులను పట్టలేక, మనిషి మీద పడింది. అంటే 436 మంది చావుకు మూలం ఒక మనిషి గురి తప్పి కాల్చిన గుండు! పులి పుట్టుకతో నరభక్షకి కాదని, గాయమో ముసలితనమో దాన్ని అలా చేస్తుందని కార్బెట్ జీవితాంతం చెబుతూనే వచ్చారు.

అన్నిటికంటే కష్టమైన వేట మాత్రం పులిది కాదు, చిరుతది. రుద్రప్రయాగ చిరుత. 1918లో ప్రపంచమంతా ఇన్‌ఫ్లూయెంజా వచ్చింది. గఢ్వాల్ కొండల్లో చనిపోయినవాళ్ళను దహనం చేసే శక్తి బతికున్నవాళ్ళకు లేకపోయింది. శవం నోట్లో నిప్పుకణిక పెట్టి లోయలోకి తోసేసేవారు. చిరుతకు చచ్చిన మాంసం తినే అలవాటుంది. జబ్బు తగ్గాక శవాలు దొరకలేదు. అది ఊళ్ళమీద పడింది. 1918 నుంచి 1926 దాకా 125 మందిని చంపినట్టు ప్రభుత్వ లెక్క.

ఎందుకు అంత కష్టం? మనిషిని మరిగిన పులికి మనిషి భయం పోతుంది కాబట్టి పగలే తిరుగుతుంది, కాల్చే అవకాశం దొరుకుతుంది. చిరుతకు ఆ భయం పోదు. చీకట్లోనే వస్తుంది, చప్పుడు లేకుండా వస్తుంది. ఈ చిరుత అయిదు వందల చదరపు మైళ్ళలో తిరిగేది. బోను పెడితే తప్పించుకుంది. విషం పెడితే తిని బతికింది. కేదార్‌నాథ్, బదరీనాథ్ వెళ్ళే యాత్రికుల దారి అది. పొద్దు గూకితే ఆ దారిలో మనిషి అలికిడి ఉండేది కాదు. నది దాటాలంటే అది వంతెన మీద నుంచే రావాలి కదా అని, కార్బెట్ అలకనంద వంతెన స్తంభం మీద, చలిగాలిలో ఇరవై రాత్రులు కూర్చున్నారు. అది రాలేదు.

ఈ చిరుత చంపినవారిలో ఒక అబ్బాయి ఉన్నాడు. తల్లీ తండ్రీ లేని దళిత పిల్లవాడు. పద్నాలుగేళ్ళు. నలభై మేకలను కాచే పని. రాత్రి అన్నం పెట్టి, మేకలతోపాటు కింది గదిలోనే వాణ్ణి పడుకోబెట్టేవాడు యజమాని. మేకలు తన మీద పడకుండా ఒక మూల దడి కట్టుకుని దాని వెనక పడుకునేవాడు. తలుపుకు సరైన గడియ లేదు. ఒక రాత్రి చిరుత తలుపు తోసుకుని వచ్చింది. నలభై మేకలను దాటి వెళ్ళింది. ఒక్క మేకకు కూడా గీత పడలేదు. దడి వెనక ఉన్న అబ్బాయినే ఎత్తుకుపోయింది.

ఈ సంఘటన చదివినప్పుడు నేను పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చున్నాను. పద్నాలుగేళ్ళంటే మన హాస్టల్లో తొమ్మిదో తరగతి పిల్లల వయసు. గట్టి తలుపు, సరైన గడియ, బడి ఉన్న పిల్లవాణ్ణి ఆ చిరుత ముట్టుకోగలిగేది కాదు. కార్బెట్ రాసిన నరభక్షకుల కథలన్నిటిలో చనిపోయినవాళ్ళు గడ్డికి వెళ్ళిన ఆడవాళ్ళు, కట్టెలకు వెళ్ళిన అమ్మాయిలు, పశువులను కాచే పిల్లలు, కాలినడకన వెళ్ళే యాత్రికులు. మన అమ్మమ్మలు, నాయనమ్మలు కూడా అలా అడవికి వెళ్ళి వచ్చినవాళ్ళే. వేటగాళ్ళ పుస్తకాల్లో సాధారణంగా ఇలాంటివాళ్ళు లెక్కలో అంకెలుగా మిగిలిపోతారు. కార్బెట్ మాత్రం ఎవరు, ఏ పని మీద వెళ్ళారు, వెనక ఎవరు మిగిలారు అని రాశారు.

చివరికి గోలాబ్రాయ్ అనే చోట, యాత్రికుల సత్రం దగ్గర, ఒక మామిడి చెట్టు మీద వరుసగా రాత్రిళ్ళు మాటు వేశారు. కింద మెడలో గంట కట్టిన మేక. 1926 మే 2 రాత్రి గంట మోగింది. టార్చి వెలిగించి ఒక్క గుండు కాల్చారు. టార్చి ఆరిపోయింది. తగిలిందో లేదో తెలియక తెల్లవారేదాకా ఎదురు చూశారు. చిరుత దగ్గర్లోనే చచ్చి పడి ఉంది. చూస్తే అదొక ముసలి చిరుత. జనం దాన్ని దయ్యం అనుకున్నారు. అది ఆకలిగొన్న ఒక జంతువు మాత్రమే.

తర్వాత 1930లో చౌగఢ్ ఆడపులి, 1938లో ఠాక్ ఆడపులి. ఠాక్ పులితో ఆయన నరభక్షకుల వేట ముగిసింది. అప్పటికి ఆయన వయసు అరవై మూడు.

మహనీయుల జీవితం రాసేటప్పుడు మంచి ఒక్కటే రాయడం మనకు అలవాటు. కార్బెట్ విషయంలో అలా రాయనక్కర్లేదు. మనిషిని ముట్టని పులులను కూడా ఆయన చంపారు. 1930లో కాల్చిన పోవల్‌గఢ్ పులి అలాంటిదే. దాని తప్పల్లా చాలా పెద్దదిగా ఉండటమే. వైస్రాయిల వేటలకు ఏర్పాట్లు చేశారు. బ్రిటిష్ పాలన పట్ల భక్తితోనే బతికారు. మొదటి ప్రపంచ యుద్ధానికి కుమావున్ నుంచి అయిదు వందల మందిని ఫ్రాన్స్ తీసుకెళ్ళారు. అయితే వయసు పెరిగేకొద్దీ ఆయన తుపాకీ పక్కన పెట్టి సినిమా కెమెరా పట్టుకున్నారు. బడుల్లో పిల్లలకు అడవి గురించి ఉపన్యాసాలు ఇచ్చారు. మన దేశంలో మొదటి నేషనల్ పార్కు 1936లో హేలీ నేషనల్ పార్కు పేరుతో ఏర్పడటం వెనక ఆయన కృషి ఉంది.

1944లో వచ్చిన 'మాన్ ఈటర్స్ ఆఫ్ కుమావున్' పుస్తకం ఆయనకు ప్రపంచ ప్రసిద్ధి తెచ్చింది. దాని తొలి రాబడిని యుద్ధంలో చూపు పోయిన భారతీయ సైనికులకు ఇచ్చారు. 1947 నవంబరులో, అక్క మ్యాగీతో కలిసి కెన్యా వెళ్ళిపోయారు. ఆయన పెళ్ళి చేసుకోలేదు. కాలాఢుంగీ పక్కన ఛోటీ హల్ద్వానీ అనే ఊళ్ళో ఉన్న తన భూములను సాగు చేసుకునే రైతులకే వదిలారు. 1955 ఏప్రిల్ 19న కెన్యాలోని న్యేరీలో కన్నుమూశారు. ఆ తర్వాత ఆ పార్కుకు ఆయన పేరు పెట్టారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1973 ఏప్రిల్ 1న ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది కూడా ఆ పార్కులోనే. 2022 లెక్కల ప్రకారం అక్కడ 260 పులులున్నాయి. దేశంలో ఏ టైగర్ రిజర్వులోనూ అన్ని లేవు.

ఇదంతా ఎక్కడో హిమాలయాల కథ అనుకోవద్దు. 2023 ఆగస్టులో తిరుమల కాలినడక దారిలో ఆరేళ్ళ పాపను చిరుత చంపింది. ఆ తర్వాత బోన్లు పెట్టారు, భక్తుల చేతికి కర్రలు ఇచ్చారు. అప్పుడు కొందరు చిరుతలన్నిటినీ చంపెయ్యాలన్నారు. ఇంకొందరు అడవి దారిలో మనుషులదే తప్పన్నారు. కార్బెట్ జీవితం చదివినవాళ్ళు ఈ రెండు మాటలూ అనలేరు. పులి బతకాలని ఎంత గట్టిగా కోరుకున్నారో, దడి వెనక పడుకున్న ఆ అబ్బాయి చావును అంతే బాధతో ఆయన రాశారు.

మిత్రులారా! మనలో కొందరు రేపు ఫారెస్ట్ ఆఫీసర్లు అవుతారు. కొందరు టీచర్లు, తహసీల్దార్లు అవుతారు. అడవి అంచు ఊళ్ళకు పోస్టింగు పడితే, అక్కడి ఇళ్ళకు తలుపులు, గడియలు ఉన్నాయో లేదో చూడండి. కట్టెలకు వెళ్ళే పిల్లలు బడికి వస్తున్నారో లేదో చూడండి. మొకామా ఘాట్‌లో లాగా అవసరమైతే గోడలు తీసేసైనా బడి నడపండి. నరభక్షకి పుట్టాక దాన్ని వేటాడటం చాలా కష్టం. అది పుట్టకుండా చూసుకోవడం మన చేతుల్లో ఉంది.