శారద లేఖల వరలక్ష్మమ్మ

ఉత్తరం ఎలా రాయాలో మీకు తెలుసు. పైన ఊరు, తేదీ వేస్తాం. తరువాత సంబోధన, విషయం, చివర సంతకం ఉంటాయి. ఉత్తరాన్నే తన సాధనంగా చేసుకొని, ఇంటి సంగతులూ డబ్బు సంగతులూ దేశం సంగతులూ ఆడవారితో చర్చించిన ఒక రచయిత్రి జీవితాన్ని ఈ పాఠంలో తెలుసుకుందాం. ఆమె పేరు కనుపర్తి వరలక్ష్మమ్మ.

ముందుగా ఒక మాట. మీలో కొందరు ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్ వంటి రైల్వే కాలనీలలో పుట్టి పెరిగినవారు కావచ్చు. బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనుల కోసం తెలుగు జిల్లాల నుంచి ఎన్నో కుటుంబాలు అక్కడికి చేరి స్థిరపడ్డాయి. అలా దూరం వెళ్లిన ఆడపిల్లకూ పుట్టింటికీ మధ్య ఉత్తరమే వారధి. ఆ ఉత్తరంలో ఏముంటుంది? క్షేమ సమాచారం, పిల్లల జబ్బులు, జీతంలోంచి పంపిన మనియార్డరు, చెల్లెలి పెళ్లి మాట, తాకట్టులో ఉన్న పొలం సంగతి. రాయడం రాని స్త్రీ ఆ మాటలన్నీ ఎవరిచేతనో రాయించుకోవాలి. ఇంటి గుట్టు పరాయివాడి ముందు చెప్పాలి కనుక సగం మాట నోట్లోనే ఉండిపోయేది. 1931 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో చదవడం, రాయడం వచ్చిన స్త్రీలు నూటికి ముగ్గురు కూడా లేరు. వరలక్ష్మమ్మ రాసిన ఉత్తరాల విలువ తెలియాలంటే ఈ లెక్కను గుర్తుంచుకోవాలి.

వరలక్ష్మమ్మ 1896 అక్టోబరు 6న బాపట్లలో జన్మించారు. తల్లి హనుమాయమ్మ, తండ్రి పాలపర్తి శేషయ్య. నేడు బాపట్ల ఒక జిల్లా కేంద్రం. ఆమె పుట్టేనాటికి గుంటూరు జిల్లా కూడా ఏర్పడలేదు; బాపట్ల కృష్ణా జిల్లాలో ఉండేది. 1909లో, పదమూడేళ్లయినా నిండకముందే, ఆమెకు కనుపర్తి హనుమంతరావుతో వివాహమైంది. ఆయన ఆరోగ్యశాఖలో ఉద్యోగి. తరువాతి కాలంలో బాల్యవివాహాల గురించి ఆమె రాసినప్పుడు, ఆ సంగతి పుస్తకాలలో చదివి మాత్రమే తెలుసుకున్నది కాదని మనం గమనించాలి.

పెళ్లయిన తరువాత కూడా ఆమె చదువు మానలేదు. 1919లో ఆమె మొదటి రచన వెలువడింది. అది ఒక ఇంగ్లీషు కథకు తెలుగు అనువాదం, పేరు సౌదామిని. ఆ కాలంలోనే ఆంధ్రపత్రికలో లీలావతి అనే కలం పేరుతో మా చెట్టునీడ ముచ్చట్లు అనే శీర్షికను నడిపారు. శీర్షిక పేరు చూడండి. చెట్టు నీడన కూర్చుని ఆడవాళ్లు చెప్పుకొనే కబుర్లను ఊళ్లో ఎవరూ లెక్కలోకి తీసుకోరు. వాటినే ఆమె పత్రికలోకి ఎక్కించారు.

1928లో మద్రాసు నుంచి గృహలక్ష్మి అనే మాసపత్రిక ప్రారంభమైంది. దాన్ని స్థాపించినవారు డాక్టర్ కె.ఎన్. కేసరి. ఆయన పేదరికంలో పెరిగి, ఆయుర్వేద వైద్యుడై, లోధ్ర అనే స్త్రీల మందుతో పేరూ డబ్బూ సంపాదించారు. అలా వచ్చిన ధనంలో కొంత స్త్రీల పత్రికకు వెచ్చించారు. ఈ పత్రికలోనే వరలక్ష్మమ్మ శారద లేఖలు మొదలుపెట్టారు. సుమారు ఆరేళ్లపాటు అవి సాగాయి.

ఈ లేఖల తీరు ఏమిటంటే, శారద అనే స్త్రీ తన స్నేహితురాలు కల్పలతకు ఉత్తరం రాస్తూ ఉంటుంది. ఇద్దరూ కల్పిత వ్యక్తులే. శారద ఒకసారి పండుగలూ నోముల గురించి రాస్తుంది, మరొకసారి మహిళా సభల గురించి రాస్తుంది. ఖద్దరు, అంటరానితనం, బాల్యవివాహాలు, విడాకులు, ఆస్తిలో స్త్రీల హక్కు, ఇలా ఆనాడు దేశంలో నలుగుతున్న విషయాలన్నీ ఆ ఉత్తరాలలోకి వచ్చాయి. వ్యాసంగా రాస్తే పండితులు చదువుతారు. ఉత్తరంగా రాస్తే చదివే ప్రతి స్త్రీ తానే కల్పలత అనుకుంటుంది. పైగా ఒకరు చదువుతుంటే పదిమంది చుట్టూ చేరి వినడం ఆ రోజుల్లో మామూలే. చదువు రానివారికి కూడా ఉత్తరం వినడం అలవాటైన పనే కదా!

లేఖలలోని శారద పేరునూ, శారదా చట్టం పేరునూ చూసి ఒకటి మరొకదాని నుంచి వచ్చిందని పొరపాటు పడవద్దు. లేఖలు మొదలైనది 1928లో. చట్టం ఆమోదం పొందినది 1929లో. ఆ చట్టాన్ని ప్రతిపాదించిన హరబిలాస్ శారదా ఇంటిపేరుతో జనం దాన్ని అలా పిలిచారు. దాని అసలు పేరు బాల్యవివాహ నిరోధ చట్టం.

ఈ చట్టం గురించి కొంచెం వివరంగా తెలుసుకోవాలి. ఆడపిల్లకు 14 ఏళ్లు, మగపిల్లవాడికి 18 ఏళ్లు నిండకుండా పెళ్లి చేయకూడదని అది చెప్పింది. అలా చేసిన పెద్దలకూ, పెళ్లి జరిపించినవారికీ ఒక నెల వరకు సాధారణ జైలుశిక్షగానీ, వెయ్యి రూపాయల వరకు జరిమానాగానీ, రెండూ గానీ విధించవచ్చు. అయితే స్త్రీలకు జైలుశిక్ష వేయరాదు. వెయ్యి రూపాయలంటే ఆనాడు ఎంతో పెద్ద మొత్తం. కానీ ఎవరైనా ఫిర్యాదు చేస్తేనే కేసు నడుస్తుంది. అదీ ఏడాదిలోగా చేయాలి. ఫిర్యాదు చేసినవారిని వంద రూపాయల వరకు పూచీకత్తు రాయమని కోర్టు అడగవచ్చు. అన్నిటికీ మించి, జరిగిపోయిన పెళ్లి చెల్లకుండా పోదు. సొంత అన్న మీదనో, వదినగారి తండ్రి మీదనో వంద రూపాయలకు పూచీ రాసి కోర్టుకెక్కేవారు ఎందరుంటారు?

చట్టం 1930 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. ఆమోదానికీ అమలుకూ మధ్య ఉన్న ఆరు నెలల్లో దేశమంతటా హడావుడిగా పసిపిల్లల పెళ్లిళ్లు జరిపించారు. అమలైన తరువాత గోదావరి జిల్లాలవారికి ఇంకొక దారి దొరికింది. యానాం అప్పుడు ఫ్రెంచివారి పాలనలో ఉంది. బ్రిటిష్ ఇండియా చట్టం అక్కడ చెల్లదు. పెళ్లివారంతా యానాం వెళ్లి బాల్యవివాహాలు చేసుకొని తిరిగివచ్చేవారు. అందువల్ల ఆ ఊరికి కల్యాణపురం అనే పేరు కూడా వచ్చింది.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించండి. చట్టం ఉంది, కానీ దాన్ని తప్పించుకొనే దారులూ ఉన్నాయి. అప్పుడు ఆ పెళ్లి ఆగాలంటే ఎవరి మనసు మారాలి? ముహూర్తం నిర్ణయించే ఇంట్లో తల్లి, నాయనమ్మ, మేనత్తల మాట ఎంతవరకు చెల్లుతుందో మీకు తెలుసు. కోర్టు ప్రవేశించలేని ఆ గదిలోకి శారద ఉత్తరం ప్రవేశించగలదు. వరలక్ష్మమ్మ ఆ చట్టాన్ని సమర్థించారు. పోట్లాడుతున్నట్టు కాక, స్నేహితురాలికి నచ్చజెబుతున్నట్టు ఆ సంగతి రాశారు.

ఆస్తి సంగతీ అంతే. ఉమ్మడి కుటుంబంలో భర్త చనిపోతే, ఆయన వాటా మిగిలిన మగవారికి పోయేది. భార్యకు మనోవర్తి మాత్రమే, అంటే తిండికీ బట్టకూ ఇచ్చేది. అదీ వాళ్లు సక్రమంగా ఇస్తేనే. శారద లేఖలు వెలువడుతున్న నాటికి పరిస్థితి ఇది. 1937లో వచ్చిన చట్టం వితంతువుకు భర్త వాటాను జీవితకాలం అనుభవించే హక్కు ఇచ్చింది. అమ్ముకొనే పూర్తి స్వేచ్ఛ మాత్రం ఇవ్వలేదు. 1956లో హిందూ వారసత్వ చట్టం స్త్రీకి దక్కిన ఆస్తిపై సంపూర్ణ హక్కు కల్పించింది. వరలక్ష్మమ్మ ఈ రెండు మార్పులనూ చూశారు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతో వచ్చే హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1985లోనూ, దేశమంతటా 2005లోనూ వచ్చింది. దాన్ని ఆమె చూడలేదు.

1934లో కేసరిగారు గృహలక్ష్మి స్వర్ణకంకణం అనే సత్కారాన్ని ఏర్పాటు చేశారు. దాన్ని మొట్టమొదట అందుకున్నవారు వరలక్ష్మమ్మ. రచయిత్రికి శాలువా కప్పి పంపకుండా బంగారు కంకణం ఇవ్వడం నాకు సముచితంగా తోస్తుంది. స్త్రీకి బహుమతిగా వచ్చిన నగ ఆమె స్త్రీధనం. పొలంలో వాటా లేని రోజుల్లో స్త్రీ తనదని చెప్పుకోగలిగినది అదే.

ఆమె రాసి ఊరుకోలేదు. 1921లో గాంధీజీ విజయవాడ వచ్చినప్పుడు ఆయనను చూసి జాతీయోద్యమం వైపు మొగ్గారు. 1931లో బాపట్లలో స్త్రీ హితైషిణీ మండలిని స్థాపించారు. ఇల్లు దాటి నలుగురు స్త్రీలు ఒకచోట కూర్చోవడమే ఆనాడు పెద్ద విషయం. గుంటూరులో శారదా నికేతనం నడిపిన ఉన్నవ లక్ష్మీబాయమ్మ, లక్ష్మీనారాయణ దంపతుల గురించి కూడా ఆమె పుస్తకం రాశారు.

కథలలో కుటీరలక్ష్మి తప్పక చదవదగినది. 1924 నాటి ఈ కథలో మొదటి ప్రపంచయుద్ధం తరువాత చేతివృత్తులు దెబ్బతినడం, దానివల్ల ఒక పేద కుటుంబం పడిన బాధలు కనిపిస్తాయి. సీమ మిల్లు గుడ్డ చవకగా దొరుకుతుంది. కొనే ఇంటికి అది లాభమే. నేసే ఇంట్లో మాత్రం పొయ్యి వెలగదు. ఖద్దరు గురించిన పెద్ద చర్చను ఆమె ఒక గుడిసెలోని కష్టంగా చూపారు. ఓటు పురాణం అనే వ్యంగ్య రచన కూడా చేశారు. మద్రాసు రాష్ట్రంలో 1921లోనే స్త్రీలకు ఓటుహక్కు వచ్చింది. అయితే పన్ను కట్టేవారికీ ఆస్తి ఉన్నవారికీ మాత్రమే ఓటు కనుక, సొంత ఆస్తి లేని స్త్రీలలో ఎందరికి దక్కి ఉంటుందో మీరే ఊహించండి. వసుమతి, విశ్వామిత్ర ఆమె నవలలు. నాటికలు, పాటలు, ద్విపద కావ్యం కూడా రాశారు. రేడియోలో ప్రసంగించారు.

వరలక్ష్మమ్మను తిరుగుబాటు రచయిత్రి అనలేం. అదే కాలంలో చలం 1927లో మైదానం రాసి, కుటుంబమనే కట్టునే ప్రశ్నించారు. ఆమె దారి వేరు. కుటుంబం నిలవాలి, అందులో స్త్రీకి గౌరవం, చదువు, కొంత హక్కు ఉండాలి అన్నది ఆమె పట్టు. పాతకాలపు ఇల్లాలి ఆదర్శాలపై ఆమెకు ప్రీతి ఎక్కువ. ఆ లేఖలలో కొన్ని మాటలు నేటి పాఠకురాలికి మెతకగా తోచవచ్చు. కానీ మైదానాన్ని ఇంట్లోకి రానివ్వని పెద్దలు గృహలక్ష్మిని రానిచ్చేవారు. ఆ పేరు చాటునే విడాకుల మాట, ఆస్తి మాట వంటింటి దాకా వెళ్లాయి. ఇది ఆమె తెలిసి వేసిన ఎత్తో, ఆమె స్వభావమే అంతో చెప్పడం కష్టం. రెండూ కొంత కొంత ఉండవచ్చునని నా అభిప్రాయం. మీరు చదివి మీ అభిప్రాయం ఏర్పరచుకోండి.

శారద లేఖలు తరువాత పుస్తకరూపంలో వచ్చాయి. పాఠశాల తెలుగు వాచకాలలోనూ చోటు చేసుకున్నాయి. వరలక్ష్మమ్మ 1978 ఆగస్టు 13న కన్నుమూశారు. ఆ సంవత్సరమే శారదా చట్టానికి సవరణ చేసి, పెళ్లికి కనీస వయసు ఆడపిల్లకు 18, మగపిల్లవాడికి 21 ఏళ్లుగా నిర్ణయించారు. అక్టోబరులో ఆ సవరణ అమలులోకి వచ్చింది.