బోదకాలు బిళ్ల వెనుక మన తెలుగాయనే.. యల్లాప్రగడ సుబ్బారావు గురించి ఈ విషయాలు తెలుసా?

ఆశా కార్యకర్త ఇంటికొచ్చి చేతిలో మూడు తెల్ల బిళ్లలు పెడుతుంది. తన ముందే మింగమంటుంది. చాలామంది ఏం చేస్తారు? తర్వాత వేసుకుంటాలే అని అలమారలో పడేస్తారు. జబ్బే లేనప్పుడు మందెందుకు అని ఇంకొందరు గోడవతల పారేస్తారు. ఆ బిళ్ల పేరు డీఈసీ. పూర్తి పేరు డైఈథైల్ కార్బమజీన్. బోదకాలు, అంటే ఫైలేరియాకి 70 ఏళ్లకు పైగా వాడుతున్న మందు ఇది. దాన్ని తెచ్చిన పరిశోధక బృందాన్ని నడిపించింది భీమవరంలో పుట్టిన ఒక తెలుగాయన. పేరు యల్లాప్రగడ సుబ్బారావు.

ఇంతకీ ఎవరీయన? అమెరికా ఎందుకెళ్లారు? ఇంత చేసినా పేరెందుకు రాలేదు? జగ్గయ్యపేట, నందిగామ లాంటి మెట్ట ఊళ్లవాళ్లకి ఆయన కథతో పనేంటి? వివరాల్లోకి వెళ్దాం.

మూడోసారికి పాసైన మెట్రిక్

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు పిల్లల్లో ఈయన నాలుగోవాడు. ఇంట్లో డబ్బుకి ఇబ్బందే. చదువు మీద మొదట్లో పెద్ద ధ్యాస లేదు. చిన్నతనంలోనే ఇల్లు వదిలి కాశీ వెళ్లిపోదామని బయల్దేరారు. యాత్రికులకి అరటిపళ్లు అమ్ముకుంటే బోలెడు డబ్బు వస్తుందని ఆయన లెక్క. ఇంట్లోవాళ్లు పట్టుకుని వెనక్కి తెచ్చారు. తల్లి మాత్రం చదువు విషయంలో వదల్లేదు. రాజమండ్రిలో చదివి, చివరికి మద్రాసులో మూడో ప్రయత్నంలో మెట్రిక్ గట్టెక్కారు.

తర్వాత సన్యాసం మీదకి మనసు మళ్లింది. రామకృష్ణ మిషన్‌లో చేరతానన్నారు. తల్లి ఒప్పుకోలేదు. డాక్టరైతే జనానికి సేవ చేయొచ్చన్న ఆలోచనతో మద్రాస్ మెడికల్ కాలేజీలో చేరారు. కాబోయే మామగారు కస్తూరి సూర్యనారాయణ మూర్తి చదువుకి సాయం చేశారు. 1919లో ఆయన కూతురు శేషగిరితో పెళ్లయింది.

ఆ రోజుల్లో గాంధీగారి పిలుపు విని సుబ్బారావు ఖద్దరు కట్టడం మొదలెట్టారు. తెల్లదొర అయిన సర్జరీ ప్రొఫెసర్‌కి అది నచ్చలేదు. ఫలితం డిగ్రీ మీద పడింది. బాగా చదివినా ఎంబీబీఎస్ ఇవ్వకుండా, అంతకంటే తక్కువదైన ఎల్ఎంఎస్ చేతిలో పెట్టారు. ఆ డిగ్రీతో సర్కారీ వైద్య ఉద్యోగం దొరకలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పడానికి చేరారు.

ఇంట్లో రెండు చావులు

అదే కాలంలో ఇంటి మీద పెద్ద దెబ్బ పడింది. ఇద్దరు అన్నదమ్ములు రోజుల తేడాలో పోయారు. కారణం ట్రాపికల్ స్ప్రూ. తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం పడిపోతుంది, మనిషి ఎండిపోతాడు. అప్పటి ఇంగ్లిష్ వైద్యం దగ్గర దానికి మందు లేదు. అదే జబ్బు సుబ్బారావుకీ వచ్చింది. లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో ఆయన బయటపడ్డారు.

మందు లేక మనుషులు పోవడం ఏంటన్న ప్రశ్న ఆయన్ని వదల్లేదు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ, మామగారు కలిసి ప్రయాణానికి సాయపడ్డారు. 1922 అక్టోబరులో బోస్టన్‌లో దిగారు. ఇంట్లో భార్య గర్భిణి. తర్వాత పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు. బిడ్డ ముఖం తండ్రి ఒక్కసారి కూడా చూడలేదు. అమెరికా వెళ్లిన సుబ్బారావు మళ్లీ సొంతూరు చూడలేదు, భార్యనీ చూడలేదు.

హార్వర్డ్‌లో చదువు.. ఆసుపత్రిలో పాకీ పని

హార్వర్డ్‌లో ఆయన చేరింది ఉష్ణమండల వైద్య విభాగంలో. మలేరియా, ఫైలేరియా, నులిపురుగులు, ఇలా వేడి దేశాల జనాన్ని పీడించే జబ్బుల చదువు అది. స్కాలర్‌షిప్ లేదు. మన డిగ్రీతో అక్కడ వైద్యం చేయనివ్వరు. దాంతో ఒక ఆసుపత్రిలో రాత్రి పూట పని చేశారు. రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు. పగలు క్లాసు, రాత్రి ఆ పని.

తర్వాత బయోకెమిస్ట్రీలోకి మారారు. సైరస్ ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి, రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి కనిపెట్టారు. అది 1925లో అచ్చయింది. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే పేరుతో వైద్య విద్యార్థులు దాన్ని తరాల తరబడి చదివారు. కండరానికి శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ అనే పదార్థాల మీద కూడా ఇద్దరూ పనిచేశారు. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకి శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు.

1940లో ఆ యూనివర్సిటీ వదిలేసి న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరారు. అక్కడ పరిశోధనలన్నిటికీ డైరెక్టర్ అయ్యారు. అసలు కథ ఇక్కడే మొదలవుతుంది.

ఫైలేరియా మందు ఎలా దొరికిందంటే..

రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకి వెళ్లిన అమెరికా సైనికులకి ఫైలేరియా అంటుకుంది. మన పల్లెల్లో తరాలుగా ఉన్న జబ్బు అప్పుడు అమెరికాకి పెద్ద సమస్య అయింది. అప్పటికి ఉన్న మందులు ఆర్సెనిక్, యాంటిమొనీ కలిసిన ఇంజెక్షన్లు. పురుగుతో పాటు రోగికీ ముప్పే.

ముందు ఈ పురుగు సంగతి తెలుసుకోవాలి. దీని పేరు వుకరేరియా బాంక్రాఫ్టి. దారప్పోగులా సన్నగా ఉంటుంది. ఆడ పురుగు 8 నుంచి 10 సెంటీమీటర్ల పొడవు. ఒంట్లో నీరు పారే శోషరస నాళాల్లో కాపురం పెట్టి ఏళ్ల తరబడి బతుకుతుంది. లక్షల్లో పిల్లల్ని రక్తంలోకి వదులుతుంది. వీటినే మైక్రోఫైలేరియా అంటారు. పగలు ఊపిరితిత్తుల్లో దాక్కుని, రాత్రి దోమలు కుట్టే వేళకి పై రక్తంలోకి వస్తాయి. ఆరోగ్య సిబ్బంది రాత్రి పూట వచ్చి వేలికి సూది గుచ్చి రక్తం తీసేది అందుకే. కుట్టిన దోమలో ఆ పిల్ల పురుగు సుమారు రెండు వారాల్లో ఎదిగి, ఇంకో మనిషికి ఎక్కడానికి సిద్ధమవుతుంది.

సుబ్బారావు బృందం వందల రసాయనాల్ని వడపోసింది. రెడ్జినల్ హెవిట్ అనే శాస్త్రవేత్త కాటన్ ర్యాట్ అనే ఎలుకల మీద పరీక్షలు చేశారు. ఆ ఎలుకల్లో సహజంగానే ఇలాంటి పురుగు ఉంటుంది. పైపెరజీన్ జాతికి చెందిన ఒక రసాయనం ఎలుకల రక్తంలోంచి పిల్ల పురుగుల్ని వేగంగా తుడిచేసింది. 1947లో ఈ ఫలితాలు బయటికొచ్చాయి. అదే ఏడాది ప్యూర్టోరికోలో రోగులకి ఇచ్చి చూసిన ఫలితాలూ వచ్చాయి. మందుకి పెట్టిన పేరు హెట్రజాన్. ఇంజెక్షన్ అక్కర్లేదు, నోటితో మింగితే చాలు. ధరా తక్కువే. ఊరూరా పంచగలిగిన మందు అలా దొరికింది.

మన దేశంలో 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. 2004 నుంచి జబ్బు ఉన్న జిల్లాల్లో అందరికీ ఏడాదికోసారి డీఈసీ ఇవ్వడం పెద్ద ఎత్తున సాగింది.

అన్నదమ్ముల్ని తీసుకెళ్లిన జబ్బుకీ..

ఆయన ఆధ్వర్యంలోనే లెడర్లీలో ఫోలిక్ యాసిడ్‌ని కృత్రిమంగా తయారుచేశారు. అది 1945 నాటి మాట. ఇవాళ గర్భిణులకి ఇచ్చే ఐరన్ బిళ్లలో ఉండేది ఇదే. స్ప్రూ రోగులకి ఆ మందు ఇస్తే కోలుకున్నారు. అంటే తన అన్నదమ్ముల్ని తీసుకెళ్లిన జబ్బుకి పాతికేళ్ల తర్వాత ఆయన చేతి మీదుగానే మందు వచ్చింది.

పిల్లల బ్లడ్ క్యాన్సర్ మీద డాక్టర్ సిడ్నీ ఫార్బర్ వాడిన అమినోప్టెరిన్, తర్వాత వచ్చిన మెథోట్రెక్సేట్ కూడా ఆ ప్రయోగశాలవే. తొలి టెట్రాసైక్లిన్ రకం యాంటీబయాటిక్ ఆరియోమైసిన్ అక్కడిదే. దాన్ని బెంజమిన్ డగ్గర్ కనుగొన్నారు.

అయితే సుబ్బారావు పేటెంట్లకి, ప్రచారానికి, సన్మానాలకి దూరంగా ఉండిపోయారు. బృందంలో వాళ్లని ముందు నిలబెట్టేవారు. నోబెల్ రాలేదు. 1948 ఆగస్టులో నిద్రలోనే గుండె ఆగిపోయింది. వయసు 53. హెట్రజాన్ వచ్చి అప్పటికి ఏడాదే. మన ప్రభుత్వం శతజయంతి ఏడాది 1995లో ఆయన బొమ్మతో తపాలా బిళ్ల విడుదల చేసింది.

మెట్ట ఊళ్లకి ఈ జబ్బు రాదా?

బోదకాలు అంటే కాలవల కింద, చెరువుల పక్కన ఉండే డెల్టావాళ్ల జబ్బని మన వైపు ఒక నమ్మకం. జగ్గయ్యపేట, నందిగామ ఎగువ ప్రాంతాలు కాబట్టి భయం లేదనుకుంటారు. కానీ ఈ జబ్బుని మోసే క్యూలెక్స్ దోమకి వరి చేను అక్కర్లేదు. మురుగు నిలిచిన సైడు కాలవ, మూత సరిగ్గా లేని సెప్టిక్ ట్యాంకు చాలు. హైవే పక్కన పెరుగుతున్న ఊళ్లలో వాటికి కొదవేముంది? పైగా కూలి పనుల కోసం అటూ ఇటూ తిరిగే జనంతో పాటు పురుగు కూడా తిరుగుతుంది.

ఇంకో మాట. పురుగు ఒంట్లో చేరిన చాలా ఏళ్ల వరకు బయటికి ఏమీ కనిపించదు. కాలు వాచాక బిళ్ల వేసుకున్నా బాగా ముదిరిన వాపు వెనక్కి పోదు. అందుకే జబ్బు లేదనుకున్నవాళ్లు కూడా మింగాలి. పత్తి, మిర్చి చేలల్లో రోజంతా నిలబడి పనిచేసేవాళ్లకి కాలు పోతే బతుకుతెరువే పోయినట్టు.

బిళ్ల వేసుకునే ముందు..

- పరగడుపున వద్దు, ఏదైనా తిన్నాకే వేసుకోవాలి.
- 15 ఏళ్లు దాటినవాళ్లకి మూడు, 6 నుంచి 14 ఏళ్లవాళ్లకి రెండు, 2 నుంచి 5 ఏళ్లవాళ్లకి ఒకటి.
- రెండేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్లు వేసుకోకూడదు.
- కొందరికి కాస్త జ్వరం, తలనొప్పి, తల తిరగడం ఉండొచ్చు. రక్తంలో పురుగులు చచ్చేటప్పుడు ఇలా అవుతుంది. సాధారణంగా ఒకట్రెండు రోజుల్లో తగ్గిపోతుంది. తగ్గకపోతే ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి.
- ఇప్పటికే వాపు ఉన్నవాళ్లు రోజూ సబ్బుతో కాలు కడిగి, వేళ్ల సందులతో సహా తడి లేకుండా తుడుచుకోవాలి. చెప్పులు లేకుండా తిరగొద్దు. కూర్చున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టుకోవాలి.

దేశంలో బోదకాలుని 2027 నాటికి లేకుండా చేయాలని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. భీమవరం కుర్రాడు అమెరికాలో పాత్రలు కడుగుతూ చదివి సాధించిన మందు ఇవాళ పైసా ఖర్చు లేకుండా గుమ్మం దాకా వస్తోంది. ఈసారి ఆశా కార్యకర్త తలుపు తడితే అలమారలో పెట్టకండి. అన్నం తిని, ఆమె ముందే మింగేయండి.