అశోకుడు తన వంటింట్లో మొదలుపెట్టాడు



మీలో కొందరు శ్రీ సిటీలో షిఫ్టు దిగి, కంపెనీ బస్సులో తడ వైపో సత్యవేడు వైపో పోతూ ఈ చిన్న పుస్తకం తెరిచి ఉంటారు. కోతలు అయిపోయిన రోజులైతే కిటికీలోంచి ఒకసారి బయటికి చూడండి. ఒక పక్క వరికొయ్యలు కాల్చిన పొగ, ఇంకో పక్క రోడ్డువార చెత్తకుప్ప పొగ. ఇంకాస్త తూర్పుకు పోతే పులికాట్ సరస్సు. చలికాలం ఫ్లెమింగోలు దిగేది అక్కడే. సముద్రం మట్టం పెరిగితే ముందు దెబ్బ తగిలేదీ ఆ అంచున ఉండే పల్లెలకే. 2015 నవంబరు వానలు, 2023 డిసెంబరు మిచౌంగ్ తుఫాను మనకు గుర్తున్నాయి. వేడెక్కిన సముద్రం తుఫాన్లకు బలం పెంచుతుందని శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారు.

ఈ మాట ఎక్కడ ఎత్తినా నాకు ఒకటే జవాబు వస్తుంది. పొగ వదిలేది పెద్ద దేశాలు, పెద్ద ఫ్యాక్టరీలు, నేనొక్కణ్ణి కవరు మానేస్తే ఏమవుతుందని. అందులో కొంత నిజం ఉంది, కాదనను. అయితే, ఎవరి చేతిలో అన్నీ ఉన్నాయో, ఎవరు ఒక్క హుకుంతో దేశాన్నే మార్చగలడో, అలాంటి మనిషి ఎక్కడ మొదలుపెట్టాడో చూద్దాం. ఆయన పేరు అశోకుడు.

చంద్రగుప్త మౌర్యుడికి మనవడు, బిందుసారుడికి కొడుకు. క్రీ.పూ. 268 ప్రాంతంలో పట్టాభిషేకం అయింది. ఆయన యవ్వనం గురించి కథలు చాలా ఉన్నాయి. అన్నదమ్ముల్ని చంపాడనీ, నరకం లాంటి జైలు కట్టించాడనీ. అవి తర్వాతి వాళ్ళు రాసినవి, వాటి జోలికి నేను పోను. ఆయనే రాళ్ళ మీద చెక్కించిన మాటలు మనకు చాలు.

పట్టాభిషేకమైన ఎనిమిదేళ్ళకు కళింగ మీద పడ్డాడు. లక్షమంది చచ్చారు, లక్షా యాభై వేలమందిని పట్టుకుపోయారు, అంతకు ఎన్నో రెట్లు ఆ తర్వాత పోయారు. ఈ లెక్క శత్రువులు రాసింది కాదు, ఆయన శాసనంలోదే. గెలిచిన రాజు తన గెలుపుకు సిగ్గుపడి ఆ సిగ్గును రాయిమీద చెక్కించడం చరిత్రలో ఎంత అరుదో మీరే ఆలోచించండి. ఒక సంగతి మాత్రం దాచకూడదు. పట్టుకుపోయిన వాళ్ళను తిరిగి పంపించానని ఆ శాసనంలో ఎక్కడా లేదు. అడవి జనాలకు ఒక బెదిరింపు కూడా అందులోనే ఉంది. కళింగలో చెక్కిన శాసనాల్లో అయితే ఈ పశ్చాత్తాపం భాగమే కనిపించదు. అశోకుణ్ణి దేవుణ్ణి చేసి పటం కట్టాల్సిన పని లేదు. ఆయన మనలాంటి మనిషి కాబట్టే మనకు పనికొస్తాడు.

ధమ్మంలోకి కూడా ఆయన ఒక్క రోజులో రాలేదు. ఉపాసకుడై రెండున్నరేళ్ళు దాటినా, మొదటి ఏడాది పెద్దగా శ్రద్ధ చూపలేదని ఆయనే ఒప్పుకున్నాడు. సంఘానికి దగ్గరైన తర్వాతే గట్టిగా పూనుకున్నాడు. ఇది చదివినప్పుడు నాకు భలే ఊరట కలిగింది. పంచశీల తీసుకున్నాక కూడా చాన్నాళ్ళు నేను చేతిసంచి ఇంట్లో మరిచిపోయి, సంతనుంచి నాలుగు ప్లాస్టిక్ కవర్లు ఊపుకుంటూ వచ్చేదాన్ని. ఆ శాసనంలోనే ఇంకో మాట ఉంది: ఈ ఫలం గొప్పవాళ్ళకే కాదు, పూనుకుంటే చిన్నవాళ్ళకూ అందుతుందని.

ఇక అసలు సంగతికి వస్తా. ఆయన పెద్ద శిలాశాసనాలు పద్నాలుగు. వాటిలో మొట్టమొదటిది దేని గురించి అనుకుంటున్నారు? యుద్ధం గురించి కాదు, పన్నుల గురించి కాదు. వంటిల్లు గురించి. ఒకప్పుడు రాజుగారి వంటశాలలో కూరకోసం రోజూ లక్షల ప్రాణులు తెగేవట. శాసనం చెక్కే నాటికి అది మూడుకు దిగింది. రెండు నెమళ్ళు, ఒక జింక. జింక కూడా ప్రతి రోజూ కాదు. ముందుముందు ఆ మూడూ ఉండవని కూడా చెక్కించాడు. మానేశానని అబద్ధం చెప్పలేదు, ఇంకా మూడు మిగిలాయని ఊరందరికీ చెప్పుకున్నాడు! మన నాయకుల్లో ఒక్కరైనా ఇంటి కరెంటు బిల్లు ఇలా గోడకెక్కించగా చూశారా?

తర్వాతే బయటి పనులు. మనుషులకూ పశువులకూ వైద్యం, లేనిచోట మందుమొక్కలు తెప్పించి నాటించడం, దారి పొడుగునా బావులు, మర్రిచెట్లు, మామిడితోపులు. వైద్యం ఆయన రాజ్యం దాటి చోళ, పాండ్య దేశాలకూ వెళ్ళింది. వేటకు పోయే రాజయాత్రలు మాని, పదో ఏట బోధివృక్షం దగ్గరికి ధమ్మయాత్ర వెళ్ళాడు.

ఇరవై ఆరో ఏట ఉత్తర దేశంలో స్తంభాల మీద ఇంకో శాసనం చెక్కించాడు. చంపకూడని ప్రాణుల జాబితా అది. చిలకలు, గోరువంకలు, గబ్బిలాలు, తాబేళ్ళు, కొన్ని రకాల చేపలు అందులో ఉన్నాయి. పాలిచ్చే మేకను, చూలు గొర్రెను కోయకూడదు. కొన్ని తిథుల్లో చేపలు పట్టకూడదు, అమ్మకూడదు. పురుగులున్న ఊకకు నిప్పు పెట్టకూడదు. అవసరం లేకుండా అడవిని కాల్చకూడదు. ఊక సంగతి చదివితే నాకు మన సత్యవేడు, వరదయ్యపాళెం పొలాలే కళ్ళముందు కనిపిస్తాయి. వరికొయ్యలు కాలినప్పుడు పొగతోపాటు మట్టిలోని మేలు చేసే జీవాలు కూడా పోతాయి. దున్ని మట్టిలో కలిపితే అదే ఎరువు. అశోకుడికి కార్బన్ సంగతి తెలీదు. ఆ కాలంలో గాలిలో కార్బన్ డయాక్సైడ్ పదిలక్షల పాళ్ళలో 280 దరిదాపుల్లో ఉండేది, ఇప్పుడు 420 దాటింది. ఆయనకు తెలిసిందల్లా ఊకలో ప్రాణం ఉందని.

ఆ మరుసటి ఏడాది, ఇప్పుడు ఢిల్లీలో ఉన్న స్తంభం మీద, ఆయన తన జీవితమంతా తిరగేసి చూసుకున్నాడు. ధమ్మం రెండు దారుల్లో పెరుగుతుందట. ఒకటి కట్టడి, రెండోది మనసుకు నచ్చజెప్పడం. ప్రాణుల్ని చంపొద్దని తను పెట్టిన కట్టడులవల్ల జరిగింది కొంచెమేననీ, మనసు మారడంవల్ల జరిగింది ఎక్కువనీ తేల్చాడు. సైన్యం, శిక్షలు చేతిలో ఉన్న చక్రవర్తి అన్న మాట ఇది. ప్లాస్టిక్ మీద నిషేధం వచ్చినా కవర్లు మన వీధుల్లో ఎందుకు ఎగురుతున్నాయో ఇంతకన్నా బాగా చెప్పినవాళ్ళు నాకు కనబడలేదు. ఫ్యాక్టరీ గొట్టానికి చట్టం కావాలి, దానికోసం మనం అడగాలి, కొట్లాడాలి. మన ఇంటి చెత్తకుప్ప దగ్గర మాత్రం ఏ చట్టమూ కాపలా కాయదు.

ఆ వంటింటి శాసనం చూడాలంటే పాటలీపుత్రం దాకా పోనక్కర్లేదు. రేణిగుంటలో ముంబై వైపు పోయే రైలెక్కి గుత్తిలో దిగితే, పత్తికొండ దారిలో కర్నూలు జిల్లా ఎర్రగుడి. అక్కడి గుట్టమీద బండరాళ్ళకు పద్నాలుగు శాసనాలూ ఉన్నాయి, వాటితోపాటు చిన్నవి రెండు. ఎండాకాలం పోవద్దు, బండలు కాలిపోతుంటాయి. నీళ్ళు స్టీలు సీసాలో తీసుకెళ్ళండి, ఖాళీ సీసా ఆ గుట్టమీద పారేస్తే ఆయన ముందే పారేసినట్టు!

క్రీ.పూ. 232 ప్రాంతంలో అశోకుడు చనిపోయాడు. చివరి రోజుల గురించి ఒక కథ ఉంది, కథ అని తెలిసే చెబుతున్నా. దానాలు ఎక్కువ చేస్తున్నాడని మంత్రులు ఖజానా తాళం లాగేసుకున్నారు. మంచంమీదున్న రాజు చేతిలో మిగిలింది సగం ఉసిరికాయ. దాన్నే సంఘానికి పంపాడు. భిక్షువులు ఆ ముక్కను నూరి, పులుసులో కలిపి, అందరి గిన్నెల్లోకీ తలా ఇంత పోసుకున్నారు.