గుట్టు విలువ నెరిగిన న్యాయమూర్తి

తెలుగునాట గుట్టుగా సంసారము నడుపుకొను కుటుంబమును పెద్దలు మెచ్చుకొందురు. ఇంటిగుట్టు లంకకు చేటయ్యెనను సామెత మన పిల్లలందరును ఎరిగినదే. గుట్టు అనగా దోషమును దాచుట కాదు. తన బ్రతుకులో ఎంత భాగము లోకమునకు చూపవలెనో, ఎంత భాగము తలుపు వెనుక ఉంచుకొనవలెనో తానే నిర్ణయించుకొను మర్యాద అది. దీనినే నేటి న్యాయశాస్త్రము గోప్యత యని పేర్కొనుచున్నది. సెల్‌ఫోనులును, అంతర్జాలమును పుట్టక మునుపే, ఈ గుట్టు పౌరస్వేచ్ఛలో భాగమని భారతదేశపు అత్యున్నత న్యాయస్థానములో తీర్పు వ్రాసి, నాడు అల్పసంఖ్యలో మిగిలిపోయి, మరణానంతరము గెలుపొందిన తెలుగు న్యాయమూర్తి ఒకరు కలరు. ఆయనయే కోకా సుబ్బారావుగారు.

సుబ్బారావుగారు 1902 జూలై 15వ తేదీన రాజమహేంద్రవరములో జన్మించిరి. అచటి ప్రభుత్వ కళాశాలలో పట్టము పొంది, మద్రాసు లా కళాశాలలో న్యాయశాస్త్రము చదివిరి. మద్రాసులో తమ మామగారైన వెంకటరమణారావుగారి వద్ద వృత్తిలోని మెలకువలు నేర్చిరి. కొద్దికాలము బాపట్లలో డిస్ట్రిక్టు మునసబుగా పనిచేసి, మరల మద్రాసునకు వచ్చి బావమరిది పి.వి. రాజమన్నారుగారితో కలిసి న్యాయవాదవృత్తి సాగించిరి. తెలుగు నాటకకర్తగా మన సాహిత్యమునందు స్థానము పొందిన రాజమన్నారుగారే వీరు. 1948లో రాజమన్నారుగారు మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి కాగా, ఆ యేడే సుబ్బారావుగారును అచట న్యాయమూర్తి పదవి నందిరి.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మవతరించెను. కర్నూలు రాజధాని కాగా, హైకోర్టు గుంటూరునకు దక్కెను. 1954 జూలై 5న ప్రారంభమైన ఆ హైకోర్టునకు తొలి ప్రధాన న్యాయమూర్తి సుబ్బారావుగారే. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి హైకోర్టు హైదరాబాదునకు తరలినప్పుడును ఆ పీఠము ఆయనదే. 1958 జనవరి 31న ఆయన సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయిరి. ఆయన పేరును చిరస్థాయిగా నిలిపిన వ్యాజ్యము అచటనే ఆయన ఎదుటికి వచ్చినది.

ఉత్తరప్రదేశ్‌లో ఖరక్‌సింగ్ అను నొకనిపై 1941లో దోపిడి నేరము మోపబడెను. సాక్ష్యము లేనందున అతనిని విడిచిపెట్టిరి. కాని పోలీసువారు అతని పేర ఒక హిస్టరీ షీటు తెరచి నిఘా పెట్టిరి. చౌకీదారులును, కానిస్టేబుళ్లును రాత్రివేళ వచ్చి తలుపు తట్టి కేకలువేసి తనను నిద్రలేపుచున్నారనియు, పొరుగూరికి పోవలెనన్న ఎక్కడికి పోవుచున్నదియు ముందుగా చెప్పుకొనవలసి వచ్చుచున్నదనియు అతడు సుప్రీంకోర్టునకు మొరపెట్టుకొనెను.

ఆ రాష్ట్రపు పోలీసు నిబంధనలలో 236వది ఈ నిఘాకు ఆధారము. అందు ఆరు విధములు కలవు: ఇంటియొద్ద రహస్యముగా కాపు కాయుట; రాత్రులందు ఇంటికి పోయి చూచుట; అలవాట్లను, రాబడిని, సహవాసమును గూర్చి అప్పుడప్పుడు విచారించుట; రాకపోకలను పై వారికి తెలుపుట; ఆ సమాచారమును సరిచూచుట; ఇవన్నియు ఒక కాగితముపై చేర్చి దాచుట. ఈ నిబంధనలు శాసనసభ చేసిన చట్టము కావు. పోలీసుశాఖ నడవడికై వ్రాసికొన్న ఉత్తరువులు మాత్రమే.

ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనము 1962 డిసెంబరు 18న తీర్పు చెప్పెను. నలుగురు ఒక పక్షమునకు చేరిరి. రాత్రివేళ ఇంటికి పోయి తలుపు తట్టుట చెల్లదని వారు కొట్టివేసిరి. కాని తక్కిన నిఘా అంతయు చెల్లుననియు, గోప్యత మన రాజ్యాంగము హామీ ఇచ్చిన హక్కు కాదనియు నిర్ణయించిరి. ఎవరును అతని కాలికి అడ్డుపడలేదు గదా, వెంట నడచి చూచినంతమాత్రమున అతని సంచారమునకు వచ్చిన లోటేమి యని వారి తర్కము.

సుబ్బారావుగారు దీనికి సమ్మతింపలేదు. తమ పక్షమునను, జె.సి. షా గారి పక్షమునను వేరుగా తీర్పు వ్రాసిరి. అందలి తర్కము విద్యార్థులకును సులభగ్రాహ్యము. మనుజుడు ఊరకనే నడువడు. ఒక పనిమీద, ఒకరిని కలియుటకై నడచును. వెనుక నొక కన్ను సదా వెంబడించుచుండగా అతడు స్వేచ్ఛగా నడచుచున్నాడనుట ఎట్లు? దేహము కదలుచున్నను మనస్సు బంధింపబడియే యుండును. నాగరికత పెరిగినకొలది దేహమునకు వేయు సంకెలలకంటె మనస్సునకు వేయు సంకెలలే బలవత్తరము లగునని ఆయన గుర్తించిరి. గోప్యత యను పేరు రాజ్యాంగములో లేకపోయినను, వ్యక్తిస్వేచ్ఛకు అది ప్రాణమువంటిదని నిర్ణయించి, 236వ నిబంధన నంతయు కొట్టివేయవలెనని వ్రాసిరి. పౌరుని హక్కులు దేనికది వేరుగా కట్టిన గదులు కావనియు, ఒకదానితో నొకటి కలిసియుండుననియు ఆయన భావించిరి. ఇరువురి మాట నలుగురి యెదుట చెల్లదు గదా! హిస్టరీ షీటు నిలిచినది.

1966 జూన్ 30న ఆయన భారత ప్రధాన న్యాయమూర్తి అయిరి. ఆ పీఠ మధిష్ఠించిన తొలి తెలుగువారు ఆయనయే. 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ వ్యాజ్యములో పదునొకండుగురు న్యాయమూర్తులలో ఆరుగురి బలముతో, ప్రాథమిక హక్కులను హరించు అధికారము పార్లమెంటునకు లేదని తీర్పు చెప్పిరి. ఆ యేడే ఏప్రిల్ 10న, విదేశయానము వ్యక్తిస్వేచ్ఛలో భాగమనియు, చట్టము లేక పాస్‌పోర్టును నిరాకరింపరాదనియు అధికసంఖ్యాకుల పక్షమున నిర్ణయించిరి. దాని ఫలితముగనే 1967 నాటి పాస్‌పోర్టుల చట్టము పుట్టినది.

ఆయనను విమర్శించినవారును లేకపోలేదు. గోలక్‌నాథ్ తీర్పు ఆస్తిపరులకు అండయై భూసంస్కరణలకు అడ్డుపడినదని కొందరనిరి. ఆ తీర్పులోని ప్రధాన నిర్ణయమును 1973లో కేశవానంద భారతి వ్యాజ్యమున సుప్రీంకోర్టే మార్చివేసినది. మరియు, పాస్‌పోర్టు తీర్పు చెప్పిన మరునాడే, అనగా 1967 ఏప్రిల్ 11న, ఆయన పదవి వీడి ప్రతిపక్షముల అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి పోటీచేయుట న్యాయపీఠపు గౌరవమునకు తగదని ఆక్షేపించిరి. ఆ యెన్నికలో జాకీర్ హుస్సేన్‌గారు గెలిచిరి. మహనీయుల చరిత్ర చదువువారు ఈ విమర్శలను దాటవేయరాదు.

1975 జూన్‌లో దేశములో అత్యవసర పరిస్థితి ప్రకటింపబడెను. విచారణ లేకుండ నిర్బంధింపబడినవారు న్యాయస్థానముల తలుపు తట్టుటకును వీలులేదని 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు నలుగురొకవైపు, హెచ్.ఆర్. ఖన్నా గారొక్కరు వేరొకవైపుగా తీర్పు చెప్పెను. అది వెలువడిన ఎనిమిది దినములకు, మే 6న, సుబ్బారావుగారు కన్నుమూసిరి. తాము జీవితకాలము కాపాడగోరిన స్వేచ్ఛ నేలబడియున్న దినములలోనే ఆయన లోకమును వీడిరి.

అటుపై కాలము మారినది. కంప్యూటర్లు వచ్చినవి, అవి ఒకదానితో నొకటి ముడివడినవి. ఆధార్ పథకముపై కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామిగారు 2012లో వేసిన వ్యాజ్యమున, గోప్యత ప్రాథమిక హక్కు కాదని ప్రభుత్వము పాత తీర్పులను చూపెను. వానిలో ఒకటి ఖరక్‌సింగ్ వ్యాజ్యములోని నలుగురి తీర్పే. ప్రశ్న తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనమునకు పోయెను. 2017 ఆగస్టు 24న వారందరును ఏకకంఠముతో గోప్యత ప్రాథమిక హక్కని నిర్ణయించిరి. నలుగురి మాట వీగిపోయి, సుబ్బారావుగారి మాట సుమారు 55 ఏండ్లకు దేశమునకు శాసనమైనది. అత్యవసర కాలపు 1976 నాటి తీర్పును గూడ ఆ దినముననే త్రోసిపుచ్చిరి.

ఈ చరిత్ర నేడేల స్మరింపవలెను? ఖరక్‌సింగ్ వాకిట కాపు కాయుటకు ఒక మనిషి కావలెను. వ్రాయుటకు ఒక కాగితము కావలెను. నేడు రెండును అక్కరలేదు. పిలుపు మనకు చేరవలెనన్న సెల్‌ఫోను తానెచట నున్నదియు సమీపపు టవరునకు తెలుపుచుండవలెను. ఎవరితో, ఎప్పుడు, ఎంతసేపు మాటాడితిమో లెక్క నిలిచియుండును. అంతర్జాలములో ఏమి వెదకితిమో, ఏమి కొంటిమో ఆయా సంస్థల కంప్యూటర్లకు తెలియును. ఈ ముక్కలన్నియు ఒకచోట కూర్చినచో అలవాట్లు, రాబడి, సహవాసము, రాకపోకలు బయటపడును. 236వ నిబంధన కోరినదియు ఇదియే గదా! నాడు అనుమానితునకు మాత్రమే తెరచిన షీటు, నేడు ఏ అనుమానమును లేని గృహస్థునకును తెరువబడుట సాధ్యమైనది.

నేరస్థులను పట్టుకొనవద్దని ఎవరును అనరు. గోప్యతకు హద్దులే లేవని 2017 నాటి తీర్పును చెప్పలేదు. నిఘాకు చట్టము ఉండవలెను. న్యాయమైన ప్రయోజనము ఉండవలెను. ప్రయోజనమునకు మించిన జోక్యము కూడదు. ఈ కొలబద్దతోనే 2018లో సుప్రీంకోర్టు ఆధార్‌ను చాలవరకు నిలిపి, ప్రైవేటు సంస్థలు దానిని కోరుటకు వీలిచ్చిన భాగమును కొట్టివేసినది. 2023లో పార్లమెంటు వ్యక్తుల సమాచార రక్షణకై చట్టము చేసినది. కాని ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు నిచ్చు అధికారము ఆ చట్టమందే కలదు. కనుక వివాదము ముగియలేదు.

నేను తప్పు చేయలేదు, నాకు దాచవలసినదేమి కలదని పలుకువారు పెక్కండ్రు. ఖరక్‌సింగ్‌పైని నేరమునకును సాక్ష్యము లేకపోయెను. అయినను తలుపు చప్పుడు మానలేదు. చూచువా డున్నాడని తెలిసిన విద్యార్థి తాను చదువగోరిన పుస్తకమును చదువుటకు జంకును. ఉపాధ్యాయుడు తరగతిలో చెప్పదలచిన మాటను మ్రింగును. ఎవరును వారిని తాకలేదు, ఆపలేదు. అయినను వారు ఆగిపోయిరి. సుబ్బారావుగారు చెప్పిన మనస్సంకెల ఇదియే. రాజమహేంద్రవరమున పుట్టిన ఆ తెలుగు పెద్ద, పల్లెటూరి నిరుపేరువాని నిద్రలో దేశప్రజలందరి స్వేచ్ఛను చూడగలిగెను. పౌరశాస్త్రము బోధించు ఉపాధ్యాయులు ప్రాథమిక హక్కుల పాఠము వచ్చిన దినమున, ఓడినవారి పక్షమున వ్రాయబడిన ఆ తీర్పు కథను గూడ పిల్లలకు చెప్పుదురుగాక.