యల్లాప్రగడ సుబ్బారావు

పరీక్ష తప్పిన పిల్లలు దిగులుపడుటయు, వారిని జూచి తలిదండ్రులు క్రుంగుటయు మేమెరుగుదుము. అట్టివారికై ఈ చరితమును చెప్పదలచితిమి.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరమున జన్మించిరి. చిన్నతనముననే తండ్రి గతించెను. మెట్రిక్యులేషనులో రెండుమారులు తప్పి, మూడవమారు మన ఆరణికి చేరువనున్న మదరాసులో ఉత్తీర్ణులైరి. అచటి వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి, ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, కోరిన పట్టమునకు మారుగా తక్కువ పట్టమును పొందిరి. అయినను వెనుదీయక అమెరికాకు వెడలిరి.

హార్వర్డులో ఆచార్య ఫిస్కేతో గూడి, కండరములందలి ఏటీపీ అను పదార్థమును 1929లో వెల్లడించిరి. జర్మనీలో లోమాన్ సైతము అప్పుడే దానిని కనుగొనెను. గుండె కొట్టుకొనుటకు వలయు శక్తి నిచ్చునది ఇదియే. అందలి ఒక భాగము అడినోసిన్. అది గుండెవేగమును తగ్గించునని ఆ యేటనే డ్రూరీ, సెంట్ జ్యోర్జీ అను శాస్త్రజ్ఞులు తెలిపిరి. నేడు కొన్ని విధములగు గుండెదడకు వైద్యులు దానిని సిరలోని కెక్కింతురు. అది గుండె పైగదులనుండి క్రిందిగదులకు సాగు విద్యుత్ప్రేరణను కొద్ది క్షణములు నిలుపును. గుండె సహజగతిని పొందును. మందు ఫలింపనిచో విద్యుద్ఘాతముతో సరిచేయుదురు.

పిమ్మట లెడర్లీ సంస్థలో ఫోలిక్ ఆమ్లము, బోదకాలు మందు మున్నగువాని పరిశోధనలను నడపిరి. 1948 ఆగస్టులో, 53 ఏండ్లకే, గుండెపోటుతో అస్తమించిరి. గుండెకు బలమిచ్చు పదార్థమును చూపినవారికి తమ గుండెయే తోడురాలేదు.

రెండుమారులు తప్పిన బాలుడే ఇంతటివాడయ్యెను. మన పిల్లలు ఇది మరువకుందురుగాక.